చలి వేరు, మంచు వేరు: మొదటిసారి మంచు దారిలోకి కారు తీసేవారికి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ వేడి ప్రదేశాల్లోనే కారు నడిపి, మొదటిసారి మంచు కురిసే దారిలోకి వెళ్లబోతున్నవారి కోసం ఈ ప్రసంగం. మీకు డ్రైవింగ్ రాదని కాదు. పదేళ్లు, ఇరవయ్యేళ్లు నడిపినవారే ఇక్కడ ఎక్కువమంది ఉండి ఉంటారు. చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఏళ్లన్నీ మీ కాలికీ చేతికీ కొన్ని అలవాట్లు నేర్పాయి. వాటిలో చాలా భాగం మంచు మీద పనికిరాదు.

ముందు రెండు సంగతులు విడదీసుకుందాం. చలి వేరు, మంచు వేరు. చలి ఆగి ఉన్న కారును పట్టుకుంటుంది. బ్యాటరీ, కూలెంట్, ఇంజిన్ ఆయిల్, డీజిల్, వైపర్ నీళ్లు, తలుపుల రబ్బర్లు దాని గురి. మంచు నడుస్తున్న కారును పట్టుకుంటుంది. టైర్లు, బ్రేకు, స్టీరింగ్, మీ కాలు దాని గురి. మొదటిదానికి మందు బయల్దేరే వారం ముందు మెకానిక్ దగ్గర దొరుకుతుంది. రెండోదానికి సగం మందు టైర్లలో ఉంది, సగం మీలో ఉంది. చాలామంది జాబితా పట్టుకుని మొదటి పని మొత్తం పూర్తి చేసి, బండి తయారైపోయింది అనుకుంటారు. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి స్టార్టయిన కారు మలుపు దగ్గర ఆగకపోతే ఆ తయారీ ఎందుకు?

కాబట్టి ఆగడం గురించే మొదలుపెడతాను. పొడి తారు రోడ్డు మీద టైరుకు దొరికే పట్టు గుణకం, అంటే టైరు రోడ్డును ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె, సుమారు 0.7. బాగా తొక్కుడుపడి గట్టిపడిన మంచు మీద అది 0.2 దగ్గర ఉంటుంది. గాజులాంటి ఐస్ మీద 0.1, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. దీన్ని మీటర్లలోకి మారుద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో పూర్తిగా బ్రేకు వేస్తే పొడి రోడ్డు మీద దాదాపు 14 మీటర్లలో ఆగుతారు. గట్టి మంచు మీద 50 మీటర్లు కావాలి. ఐస్ మీద దాదాపు 100 మీటర్లు. బ్రేకు మీదికి కాలు పోయే ఒక్క సెకను కోసం ఇంకో 14 మీటర్లు వీటన్నిటికీ కలపండి. అదే మంచు మీద 30తో వెళ్తుంటే బ్రేకు దూరం 18 మీటర్లకు దిగుతుంది. వేగం సగానికి కూడా తగ్గించకుండానే దూరం దాదాపు మూడో వంతుకు పడిపోతోంది చూశారా, ఎందుకంటే ఆగే దూరం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. మంచులో ఇంతకన్నా చవకైన రక్షణ ఇంకొకటి లేదు.

ఇక్కడే ఆల్ వీల్ డ్రైవ్ గురించి, అంటే ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పే ఏర్పాటు గురించి ఒక మాట. అది ఉంటే కారు కదలడం సులువు, ఎత్తు ఎక్కడం సులువు. ఆగడంలో మాత్రం దాని సాయం సున్నా, ఎందుకంటే ప్రతి కారుకూ బ్రేకు నాలుగు చక్రాలకూ ఉంటుంది. పైగా కదిలేటప్పుడు జారకపోవడం వల్ల రోడ్డు ఎంత నున్నగా ఉందో డ్రైవరుకు తెలియదు, ధీమాగా వేగం పెంచేస్తాడు. టూ వీల్ డ్రైవ్ కారుకు మంచి చలికాలపు టైర్లు వేయడం, ఫోర్ వీల్ బండిని మామూలు టైర్లతో తీసుకెళ్లడం, ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను మొదటిదాన్నే ఎంచుకుంటాను.

ఇక టైర్లు. మామూలు వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోయేకొద్దీ బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన రబ్బరు రోడ్డు గరుకును పట్టుకోలేదు. అంటే మంచు పడకముందే, ఒట్టి చలికే పట్టు తగ్గడం మొదలవుతుంది. చలికాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాని దిమ్మెల మీద సన్నటి కత్తిగాట్లు వందల కొద్దీ ఉంటాయి, ఒక్కో గాటు అంచు మంచును కరిచి పట్టుకుంటుంది. గాడుల్లో మంచు కూరుకుంటే అదీ మంచిదే, మంచుకు మంచు బాగా అతుక్కుంటుంది.

కొనేటప్పుడు టైరు పక్కగోడ చూడండి. మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రేకు గుర్తు ఉండాలి. ఆ గుర్తు వేయాలంటే మంచు మీద పట్టు పరీక్ష నెగ్గాలి. 'ఎం ప్లస్ ఎస్' అని మాత్రమే రాసి ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. అది గాడుల నమూనాను బట్టి తయారీదారు తనే వేసుకునే గుర్తు, దాని వెనక ఏ పరీక్షా అక్కర్లేదు. అదే పక్కగోడ మీద డీఓటీ అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 3522 అని ఉంటే 2022లో 35వ వారంలో తయారైంది అని అర్థం. ఆరేళ్లు దాటిన చలికాలపు టైరులో గాడి మిగిలి ఉన్నా మెత్తదనం మిగిలి ఉండదు.

గాడి లోతు మరో కొలత. చాలా దేశాల్లో చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. మంచుకు అది చాలదు, 4 మిల్లీమీటర్లకు దిగగానే ఆ టైరును మంచులోకి తీసుకెళ్లడం మానేయాలి. ఆస్ట్రియాలో చలికాలపు టైరుకు 4 మిల్లీమీటర్లు ఉండాలన్నది చట్టమే.

రెండే కొని, ఇంజిన్ తిప్పే చక్రాలకు వేస్తే సరిపోదా అని అడిగేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. సరిపోదు. ముందు చక్రాలతో నడిచే కారుకు ముందు మాత్రమే మంచి టైర్లు వేశారనుకోండి. మలుపులో ముందు భాగం పట్టు దొరికి తిరుగుతుంది, వెనక భాగం పట్టు లేక బయటికి ఈడ్చుకుపోతుంది, కారు గిర్రున తిరుగుతుంది. మలుపులో బ్రేకు తాకితే ఇంకా త్వరగా తిరుగుతుంది. నాలుగూ ఒకే రకం ఉండాలి. లేదంటే ఆ ప్రయాణం అనుకోవద్దు.

గాలి సంగతి. ఉష్ణోగ్రత ప్రతి అయిదారు డిగ్రీలు పడిపోతే టైరులో ఒక పీఎస్ఐ తగ్గుతుంది. 30 డిగ్రీల ఎండలో 33 కొట్టించి, మైనస్ 10కి వెళ్లారంటే అక్కడ పొద్దున్నే చూస్తే 26 ఉంటుంది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది, పంక్చరు అయిందని కంగారుపడతారు. అక్కడికి చేరాక, రాత్రంతా ఆగిన కారుకు, కదపకముందే కొలిచి, కారు తలుపు చట్రం మీద రాసి ఉన్న లెక్కకు నింపండి. ఇసుకలో చేసినట్టు మంచు రోడ్డు మీద గాలి తీసేయొద్దు. మంచు పొరను కోసుకుంటూ కింద రోడ్డును అందుకోవాల్సిన టైరు, వెడల్పుగా చదునై పైనే తేలుతుంది. స్టెప్నీలో గాలి చూడటం ఎలాగూ మరిచిపోతారు, అదీ చూడండి.

గొలుసుల దగ్గరికి వద్దాం. కొండదారుల్లో కొన్నిచోట్ల గొలుసులు లేకపోతే పైకి వదలరు. కొనేముందు మీ కారు పుస్తకం తీయండి. కొన్ని కార్లకు గొలుసు అసలు వేయకూడదు, చక్రానికీ లోపలి భాగాలకూ మధ్య చోటు చాలదు. కొన్నిటికి సన్నటి కొక్కేల గొలుసు మాత్రమే పడుతుంది. సైజు టైరు మీద రాసి ఉన్నదానికి అచ్చంగా సరిపోవాలి. 205/55 ఆర్ 16కు కొన్నది 215కు 'ఎలాగోలా' ఎక్కించడం ప్రమాదం. ఇంజిన్ తిప్పే చక్రాలకే గొలుసు వేయాలి. ఆల్ వీల్ డ్రైవ్ అయితే ఏ జత అన్నది పుస్తకం చెప్పినట్టే చేయాలి.

తగిలించడం ఇంటి దగ్గర, పొడి నేల మీద, పగటిపూట ఒకసారి చేసి చూడండి. రాత్రి, గాలివానలా మంచు కొడుతుంటే, వేళ్లు మొద్దుబారి ఉండగా మొదటిసారి ఆ పెట్టె విప్పడం ఎంత నరకమో ఊహించుకోవచ్చు. ఎక్కువగా దొరికే కడియం రకం గొలుసు వేసే వరస ఇది. గొలుసును నేల మీద పరిచి మెలికలు విప్పండి. కడియాన్ని టైరు వెనక్కి, నేల మీదుగా, పాములా జార్చండి. రెండు కొసలనూ చక్రం పైన కలిపి కొక్కెం వేయండి. కడియం టైరు లోపలి వైపు పూర్తిగా దిగిందో లేదో వేలితో తడిమి చూడండి, తప్పు జరిగేదల్లా ఇక్కడే. తర్వాత గొలుసును టైరు ముఖం మీదికి లాగి, ముందువైపు కొక్కెం తగిలించండి. కింద వేలాడే బిగింపు గొలుసును దాని గాలంలోంచి దూర్చి గట్టిగా లాగి, చివర మిగిలినదాన్ని రబ్బరు కొక్కెంతో కట్టేయండి. టైరుకు తగిలే లింకు గరుకు వైపు బయటికి ఉండాలి, నున్నని వైపు టైరును తాకాలి. ఇప్పుడు పది, ఇరవై మీటర్లు నడిపి ఆపండి. సర్దుకున్న గొలుసు వదులవుతుంది, మళ్లీ బిగించండి. అది చేయకుండా వెళ్తే వదులైన కొస తిరుగుతూ బ్రేకు గొట్టాన్నీ, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సరు తీగనూ, మడ్‌గార్డ్ లైనింగునూ కొడుతుంది.

గొలుసుతో 50 దాటకూడదు, 30, 40 మధ్యే మంచిది. చక్రం గిర్రున తిరగనివ్వకండి. మంచు లేని రోడ్డు రాగానే తీసేయండి, తారు మీద నడిపితే గొలుసూ తెగుతుంది, టైరూ పోతుంది. గొలుసు పెట్టెలో రబ్బరు చేతితొడుగులు, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత పట్టా, తలకు కట్టుకునే టార్చి కలిపి పెట్టండి. చేత్తో టార్చి పట్టుకుని ఒంటిచేత్తో గొలుసు వేయలేరు. బట్టతో చేసిన తొడుగులు కూడా దొరుకుతాయి. వేయడం తేలిక, కానీ త్వరగా చిరుగుతాయి. అత్యవసరానికి బాగుంటాయి. తనిఖీలో వాటిని గొలుసు కింద లెక్కేస్తారా లేదా అన్నది ఆయా చోటి నియమాన్ని బట్టి ఉంటుంది.

ఇక చలి. ఇక్కడ మొదటి ముద్దాయి బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీ సున్నా డిగ్రీల దగ్గర దాదాపు మూడో వంతు బలం పోగొట్టుకుంటుంది. మైనస్ 18 దగ్గర సగానికి పైగా పోతుంది. అదే సమయంలో చిక్కబడిన ఆయిల్‌ను తిప్పడానికి సెల్ఫ్‌కు ఎక్కువ కరెంటు కావాలి. ఇచ్చేది తగ్గింది, అడిగేది పెరిగింది. ఇంటి దగ్గర నాలుగేళ్ల బ్యాటరీ ఏ ఫిర్యాదూ లేకుండా పని చేయొచ్చు, కానీ మంచులో మొదటి రాత్రికే చేతులెత్తేస్తుంది. కారు ఆపి రాత్రంతా వదిలేశాక మీటరుతో చూడండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగమే. వోల్టేజీ ఒక్కటే చాలదు, మెకానిక్ దగ్గర లోడు పరీక్ష చేయించండి. అయిదేళ్లు దగ్గర పడితే పరీక్ష కూడా అక్కర్లేదు, మార్చేయండి. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడి గోకి, బిగించండి.

పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ లోపలి ద్రవం మైనస్ 10కి అటూ ఇటూగా గడ్డకడుతుంది. నిండుగా ఉన్నది మైనస్ 50 దాటినా గడ్డకట్టదు. పక్కలు ఉబ్బిన, గడ్డకట్టిన బ్యాటరీకి ఎప్పుడూ జంపర్ తీగలు (ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే తీగలు) తగిలించకండి, అది పేలొచ్చు. మామూలుగా దిగిపోయినదానికైతే వరస ఇది. ఎర్ర తీగ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల తీగ ముందు మంచి బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస మాత్రం దిగిపోయిన కారు ఇంజిన్ మీద రంగు లేని ఇనుప భాగానికి. బ్యాటరీ మీద పెట్టకూడదు. తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది.

కూలెంట్ దగ్గర వేడి ప్రదేశాల కార్లకు ఒక చెడ్డ అలవాటు ఉంటుంది. తగ్గినప్పుడల్లా మామూలు నీళ్లు పోసుకుంటూ వచ్చి ఉంటారు. అది మంచులో ఇంజిన్ బ్లాక్‌నే పగలగొట్టగలదు, గడ్డకట్టిన నీరు వ్యాకోచిస్తుంది కదా. ఎథిలీన్ గ్లైకాల్ కూలెంట్ సగం, శుద్ధమైన నీరు సగం కలిపితే సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు, నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, వేడిని కూడా సరిగా మోయలేదు. 70 శాతం దాటకూడదు. మెకానిక్ దగ్గర చిన్న రిఫ్రాక్టోమీటరు ఉంటుంది, దానిమీద ఒక్క చుక్క వేస్తే ఎన్ని డిగ్రీల దాకా ఆగుతుందో కనిపిస్తుంది.

ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద 'డబ్ల్యూ' ముందున్న అంకె చలికి సంబంధించినది. 15డబ్ల్యూ ఆయిల్‌కు చలి స్టార్టింగ్ పరీక్ష మైనస్ 20 దగ్గర చేస్తారు, 5డబ్ల్యూకు మైనస్ 30, 0డబ్ల్యూకు మైనస్ 35. మీ కారు పుస్తకం ఒప్పుకునే వాటిలో చిన్న అంకె ఉన్నదాన్ని పోయించండి.

డీజిల్ కారు వాళ్లు కొంచెం జాగ్రత్తగా వినండి. డీజిల్‌లో మైనం ఉంటుంది. చలికి అది ముందు మబ్బులా తేలి, తర్వాత ఫిల్టరును మూసేస్తుంది. వేడి ప్రదేశంలో అమ్మే డీజిల్ చలికి తగ్గట్టు శుద్ధి చేసింది కాదు. కారు స్టార్టయి, రెండు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోతే చాలాసార్లు కారణం ఇదే. కింద నుంచి ట్యాంకు నిండా పోయించుకుని కొండెక్కకండి. పావు ట్యాంకుతో చలి ప్రాంతపు అంచుకు చేరి, అక్కడ అమ్మే చలికాలపు డీజిల్‌తో నింపి, ఇరవై కిలోమీటర్లన్నా నడిపాక రాత్రికి ఆపండి. అప్పుడే అది గొట్టాల్లోకీ ఫిల్టరులోకీ చేరుతుంది. మైనం కట్టకుండా కలిపే మందు ముందే పోయాలి, కట్టాక పోస్తే కరిగించదు. పెట్రోలు కలపమనే పాత సలహా ఎవరైనా చెప్తే వినొద్దు, ఇప్పటి డీజిల్ పంపులకు అది చావు.

వైపర్ ట్యాంకులోని మామూలు నీళ్లు గడ్డకట్టి మోటారునూ డబ్బానూ పగలగొడతాయి. ఆ నీళ్లు పూర్తిగా కొట్టేసి, చలికాలపు ద్రవం నింపి, అద్దం మీద పడే వాసన మారేదాకా కొట్టండి. లేకపోతే గొట్టంలో, నాజిల్‌లో పాత నీళ్లే ఉండి గడ్డకడతాయి. అందులో కూలెంట్ పోయకండి, అద్దం మీద జిడ్డు పొర కట్టి ఎదుటి లైట్లకు ఏమీ కనబడదు. దీన్ని చిన్న విషయం అనుకుంటారు కానీ, ముందున్న లారీ ఉప్పు బురద చిమ్ముతుంటే రోజుకు లీటరు, రెండు లీటర్లు ఖర్చవుతుంది. ఒక డబ్బా డిక్కీలో ఉంచండి.

రాత్రి ఆపేటప్పుడు చేసే పనులు కొన్ని ఉన్నాయి. వైపర్ మీట ఆపి, తర్వాతే ఇంజిన్ ఆపండి. మీట అలాగే ఉంటే పొద్దున్నే తాళం తిప్పగానే అద్దానికి అతుక్కున్న వైపర్‌ను లాగబోయి ఫ్యూజు కొడుతుంది, ఒక్కోసారి మోటారే కాలుతుంది. వైపర్లు అద్దం నుంచి ఎత్తి నిలబెట్టండి. తలుపు రబ్బర్లకు సిలికోన్ రాయండి, లేకపోతే పొద్దున తలుపు లాగితే రబ్బరు చిరిగి చేతికొస్తుంది. బురద, నీళ్లలోంచి వచ్చి ఆగారా, హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, తడి గడ్డకట్టి చక్రం బిగుసుకుంటుంది. మాన్యువల్ అయితే మొదటి గేరులో, ఆటోమేటిక్ అయితే 'పీ'లో పెట్టి, చక్రానికి దిమ్మె ఆనించండి. ఇది చదును నేల మీద మాట. వాలు మీద బ్రేకు వేయకుండా వదిలేయడం కుదరదు కాబట్టి వాలు మీద ఆపకుండా చూసుకోండి. గడ్డకట్టిన తాళం తెరుచుకోవడానికి చెవిరంధ్రంలో కొట్టే మందు కారులో పెట్టి తాళం వేసుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అది జేబులో ఉండాలి.

పొద్దున కారంతా దులపండి. ముందు అద్దంలో తలకాయంత కిటికీ గోక్కుని బయల్దేరొద్దు. పైకప్పు మీది మంచు మొదటి బ్రేకుకు దిమ్మెలా జారి ముందు అద్దం మీద కూలుతుంది, వైపర్ దాన్ని తోయలేదు. వెనక వచ్చేవాడి మీద పడితే ఇంకా దారుణం. లైట్లు కూడా దులపండి. ఎల్ఈడీ లైటు ముఖం వేడెక్కదు, దాని మీద మంచు కరగదు, దారిలో కూడా ఆగి తుడవాల్సి వస్తుంది. బంపర్‌లోని రాడార్ కప్పబడితే తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు పని చేయదు. అద్దం మీద వేడినీళ్లు మాత్రం పోయొద్దు, పగులుతుంది. లోపల ఆవిరి పడితే ఏసీ వేసి, వేడి పెంచి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టండి. చలికాలంలో ఏసీ ఎందుకు అనకండి, తేమ లాగేది అదే. బూట్ల మంచు దులిపి ఎక్కితే ఆ ఆవిరిలో సగం ఉండదు.

మీ ఒంటి సంగతి. లావు జాకెట్ మీద సీటు బెల్టు పెట్టుకుంటే బెల్టుకూ ఒంటికీ మధ్య నాలుగు వేళ్ల గాలి ఉంటుంది, గుద్దుకున్నప్పుడు ఆ గాలి నలిగిపోయి బెల్టు వదులవుతుంది. పిల్లల సీటులో ఇది మరీ ప్రమాదం. జాకెట్ తీసి కట్టి, పైన దుప్పటి కప్పండి. మొద్దు అడుగు బూట్లతో ఏ పెడల్ ఎంత నొక్కారో తెలియదు, పల్చటి బూట్లతో నడపండి. తెల్లటి ఎండకు నల్లకళ్లద్దాలు కావాలి.

ఇక నడపడం. ఒక్క సూత్రం పట్టుకోండి. ప్రతి టైరూ నేలను తాకేది అరచెయ్యంత మేర. ఆ మేరకు ఉన్న పట్టు ఒక మొత్తం. బ్రేకుకు కొంత వాడితే తిరగడానికి అంత తక్కువ మిగులుతుంది. పొడి రోడ్డు మీద ఆ మొత్తం పెద్దది కాబట్టి రెండూ కలిపి చేసినా చెల్లుతుంది. మంచు మీద చెల్లదు. మలుపుకు ముందు, చక్రాలు నిటారుగా ఉండగానే వేగం తగ్గించేయండి. మలుపులో బ్రేకూ వద్దు, రేసూ వద్దు, స్టీరింగ్ ఒక్కటే. బయటికొచ్చి చక్రాలు నిటారయ్యాక మెల్లగా రేసు. క్రూజ్ కంట్రోల్ ఆపేయండి.

కదిలేటప్పుడు మాన్యువల్‌లో రెండో గేరు, క్లచ్ నిదానంగా. ఆటోమేటిక్‌లో స్నో మోడ్ ఉంటే వేయండి. ముందు కారుకు ఎనిమిది నుంచి పది సెకన్ల దూరం ఇవ్వండి. మధ్యలో ఎవరో దూరుతారు, దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గండి. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు కారు పైకి చేరేదాకా కిందే ఆగండి. మధ్యలో ఆగితే మళ్లీ కదలడం కష్టం. ఊపు కింద చదునులోనే తెచ్చుకుని, ఒకే తొక్కుడుతో ఎక్కాలి. దిగేటప్పుడు రెండో గేరులోనో, మొదటి గేరులోనో పైనుంచే పెట్టుకుని దిగండి. సగంలో గేరు దించి క్లచ్ టక్కున వదిలితే చక్రాలు బిగుసుకుని అదే జారుడవుతుంది.

ఏబీఎస్ ఉన్న కారులో గట్టిగా బ్రేకు వేయాల్సి వస్తే పూర్తిగా తొక్కి పట్టండి. కాలి కింద పెడల్ దడదడలాడుతుంది, గరగర చప్పుడు వస్తుంది. భయపడి కాలు తీయకండి, అది దాని పని చేస్తోంది. తొక్కి పట్టి స్టీరింగ్‌తో తప్పించుకోవచ్చు, ఏబీఎస్ ఉన్నది అందుకే. దూరం తగ్గించడానికి కాదు. వదులు మంచు మీదైతే ఏబీఎస్ దూరాన్ని పెంచుతుంది కూడా, ఎందుకంటే బిగుసుకున్న చక్రం తన ముందు మంచును గుట్టగా పోగేసుకుని ఆగేది, ఏబీఎస్ దాన్ని పోగవనివ్వదు.

జారుడు రెండు రకాలు. స్టీరింగ్ తిప్పినా కారు తిరగకుండా నేరుగా పోతోందంటే ముందు చక్రాలు జారాయి. చెయ్యి ఇంకా తిప్పమంటుంది, తిప్పకండి. రేసు వదిలి, స్టీరింగ్ కాస్త వెనక్కి తగ్గించండి, పట్టు దొరుకుతుంది. వెనక భాగం పక్కకు పోతోందంటే రేసు వదిలి, వెళ్లాల్సిన వైపు చూసి అటే తిప్పండి. నిటారవగానే స్టీరింగ్ వెంటనే వెనక్కి రావాలి, లేకపోతే రెండోసారి అటువైపు, ఇంకా గట్టిగా జారుతుంది. మొదటి జారుడు కన్నా ఈ రెండోదే కార్లను గోతిలోకి తోస్తుంది. ఇవి వినడంతో రావు. ఖాళీ మైదానంలో, స్తంభాలూ కాలిబాట అంచులూ లేనిచోట, 20 కిలోమీటర్ల వేగంతో కావాలని బ్రేకు కొట్టి చూడండి. మొదటి గంట దీనికే ఇవ్వండి.

అన్నిటికన్నా నమ్మకద్రోహి సున్నా డిగ్రీల దగ్గరి ఐస్. మైనస్ 20 దగ్గర ఐస్ ఎండి ఉంటుంది, కాస్త పట్టు ఇస్తుంది. సున్నా దగ్గర దాని మీద నీటి పొర ఉంటుంది. రోడ్డు తడిగా నల్లగా ఉందే గానీ ముందు కారు చక్రాల వెనక నీళ్లు చిమ్మడం లేదు, టైరు చప్పుడు ఉన్నట్టుండి తగ్గింది, స్టీరింగ్ తేలికైంది అంటే మీరు ఐస్ మీద ఉన్నారు. అప్పుడు ఏమీ చేయకండి, కాలు మెల్లగా ఎత్తి నేరుగా పోనివ్వండి. వంతెనల మీద, కొండ నీడలో, చెట్ల కింద ముందుగా గడ్డకడుతుంది, వంతెనకు కింద నుంచీ చలిగాలి తగులుతుంది కాబట్టి.

ఇరుక్కుపోతే రేసు తొక్కడం ఆపండి. తిరిగే చక్రం కింది మంచును కరిగించి ఐస్ చేస్తుంది, ఒక్క నిమిషంలో పారతో తీసేంత పని గంట పని అవుతుంది. స్టీరింగ్ నిటారు చేయండి. చక్రాల ముందూ వెనకా, కారు పొట్ట కింద, సైలెన్సర్ చుట్టూ తవ్వండి. పొట్ట మంచు మీద కూర్చుని ఉంటే చక్రాలకు బరువు అందదు, ఎంత ఇసుక వేసినా దండగే. తర్వాత ఇసుక చల్లి, చక్రం ఒట్టిగా తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్‌ను తాత్కాలికంగా ఆపి, రెండో గేరులో ముందుకూ రివర్సులో వెనక్కూ చిన్నగా ఊపండి. కాలిపట్టా చక్రం కింద వేస్తే అది వెనక్కి ఎగిరి వస్తుంది, వెనక ఎవరూ నిలబడొద్దు. లాగే కొక్కెం స్టెప్నీ దగ్గర విడిగా ఉంటుంది, బంపర్ మూత తీసి బిగించాలి. కొన్ని కార్లలో దాని మర ఎడమవైపు తిరుగుతుంది, ఇంటి దగ్గరే ఒకసారి తిప్పి చూడండి.

దారి మూసుకుపోతే కారు దిగి నడవకండి. కారును వెతకడం సులువు, మనిషిని వెతకడం కష్టం. మంచు ప్రాంతంలోకి వెళ్లాక ట్యాంకు ఎప్పుడూ సగానికి దిగనివ్వొద్దనేది ఇందుకే. గంటకు పది నిమిషాలు ఇంజిన్ వేసి వేడి తెచ్చుకోండి, కానీ వేసే ప్రతిసారీ ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీయండి. అది కప్పుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. దానికి వాసన లేదు, తలనొప్పి, నిద్రమత్తు మాత్రమే తెలుస్తాయి. గాలి కొట్టని వైపు కిటికీ వేలెడు దించి ఉంచండి. దుప్పట్లు, నీళ్లు, తినేవి, పవర్ బ్యాంకు మీతో కారు లోపల ఉండాలి. డిక్కీ తలుపు గడ్డకట్టి రాకపోవచ్చు. పార కూడా లోపలే.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారుకు ఇవన్నీ వర్తిస్తాయా?

టైర్లు, వైపర్లు, నడిపే తీరు అన్నీ వర్తిస్తాయి. చిన్న 12 వోల్టుల బ్యాటరీ వీటిలోనూ ఉంటుంది, అది దిగితే కొన్ని కార్లలో తలుపే తెరుచుకోదు. గట్టి చలిలో రేంజ్ 20 నుంచి 40 శాతం దాకా తగ్గుతుందని లెక్కేసుకోండి. ఛార్జరుకు తగిలించి ఉండగానే కారునూ బ్యాటరీనీ వేడి చేసుకుని బయల్దేరండి. గాలిని వేడి చేయడం కన్నా సీటును వేడి చేయడానికి తక్కువ కరెంటు పోతుంది. కాలు ఎత్తగానే తనే బ్రేకు పట్టే రీజెన్‌ను ఐస్ మీద తక్కువకు పెట్టండి, లేకపోతే మలుపులో కాలు ఎత్తడమే బ్రేకు కొట్టినట్టు అవుతుంది.

ప్రశ్న: మన ముందు మంచు తోసే బండి వెళ్తుంటే దాటొచ్చా?

దాటొద్దు. దాని ముందున్న రోడ్డు మీరు ఇప్పుడు నడుస్తున్న రోడ్డుకన్నా అధ్వాన్నం. దాని పార పక్క లేన్‌లోకి కూడా చాచి ఉంటుంది, లేచే తెల్లటి పొగలో ఆ అంచు కనపడదు. వెనక దూరంగా ఉండండి, అది ఉప్పు చల్లుతూ వెళ్తుంది.

ప్రశ్న: తిరిగొచ్చాక కారుకు ఏమైనా చేయాలా?

ఉప్పు కడిగించాలి, అదీ కింది భాగం. లిఫ్టు మీదికి ఎత్తించి, చక్రాల గూళ్లలో, బ్రేకు గొట్టాల మీద, సైలెన్సర్ మీద మంచినీళ్లు గట్టిగా కొట్టించండి. చలిలో ఉప్పు ఇనుమును పెద్దగా తినదు, వేడి ప్రదేశానికి రాగానే తినడం మొదలుపెడుతుంది. కాబట్టి వచ్చిన రోజో మర్నాడో చేయించండి. గొలుసులు కూడా కడిగి, ఆరబెట్టి పెట్టెలో పెట్టండి. టైరు గాలి తిరిగి చూసుకోండి, అక్కడ నింపింది ఇక్కడ ఏడు పీఎస్ఐ ఎక్కువ ఉంటుంది. చలికాలపు టైర్లు ఎండలో త్వరగా అరుగుతాయి, వాటిని తీసి నీడలో పెట్టించండి, ఏది ఏ చక్రానిదో సుద్దముక్కతో రాసి.